జాగిలం పళ్లెం మీద కన్ను

పూర్వం నల్లగుట్టల నడుమ ఎర్రగండి అనే రాజ్యం ఒకటి ఉండేది. అది ఎంత చిన్నదంటే, కోట బురుజు మీద నగారా మోగిస్తే పొలిమేర దాకా వినబడేది. దాన్ని ఏలే ఇమ్మడి సింగమ నాయకుడి బిరుదులు మాత్రం చిన్నవి కావు. వందిమాగధులు వాటిని చదవడం మొదలుపెడితే, పొయ్యి మీద పెట్టిన కందిపప్పు ఉడికిపోయేది గానీ బిరుదులు పూర్తయ్యేవి కావు.

రాజు చెడ్డవాడు కాడు. ఆకలితో వచ్చినవాడికి అన్నం పెట్టించేవాడు. తప్పు చేసినవాడు నిజం ఒప్పుకుంటే క్షమించేవాడు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే. తన దగ్గరున్నదానికంటే మంచిది ఇంకొకరి దగ్గర ఉందని తెలిస్తే ఆయనకు ముద్ద దిగేది కాదు.

ఆ రాజు కొలువులో పేరన్న అనే హాస్యగాడు ఉండేవాడు. సన్నగా, పొడుగ్గా, నాలుక ముందూ తను వెనకా అన్నట్టుండే మనిషి. సింహాసనానికి కుడిపక్కన, రాజు చెయ్యి చాపితే అందేంత దూరంలో అతని పీట ఉండేది. మంత్రులూ దళవాయిలూ నిలబడి మాట్లాడాల్సిన సభలో కూర్చుని మాట్లాడే హక్కు అతనొక్కడిదే. పేరన్నకు సంపద మీద పెద్ద ఆశ లేదు. ఆ పీట మీద మాత్రం ప్రాణం.

ఆ పీట ఒకనాడు పోయింది. అదెలా పోయిందో చెప్పాలంటే ముందు పందుల వేట సంగతి చెప్పాలి.

ఎర్రగండికి తూర్పున కోనాపురం అని ఇంకో రాజ్యం ఉండేది. దాన్ని నాగసానమ్మ అనే రాణి ఏలేది. రెండు రాజ్యాల పొలిమేరలోనూ దట్టమైన అడవి. పైరు కంకి పట్టేసరికి ఆ అడవిలోంచి పందులు మందలుగా వచ్చి చేలన్నీ దున్నిపోసేవి. అందుకని ఏటా దసరా వెళ్లగానే ఇద్దరూ కలిసి వేటకు వెళ్లేవారు. పందిని కనిపెట్టి, తరిమి, మనుషులు వచ్చేదాకా కదలకుండా నిలబెట్టడం జాగిలాల పని. ఎర్రగండి జాగిలాలన్నిటిలోకీ పిడుగు అనేది పేరు మోసినది. గోధుమ రంగు ఒళ్లు, కత్తిలాంటి మూతి, పరుగెడుతుంటే కాళ్లు కనబడేవి కావు.

ఒక ఏడు ఆ వేటలో రాణిగారి జాగిలం గాలి అనేది పిడుగును దాటి ముందుకు పోయి పందిని నిలబెట్టింది. వేట ముగిశాక రాణి మర్యాద కోసం, మీ పిడుగు కూడా బాగానే పరుగెత్తింది అంది. ఆ ‘కూడా’ అన్న మాట రాజు గుండెలో తుమ్మముల్లులా దిగిపోయింది. కోట చేరేదాకా ఆయన ఎవరితోనూ మాట్లాడలేదు. చేరగానే వంటశాల పెద్దను పిలిపించాడు.

పిడుగు ఓడింది బలం చాలక అని రాజు తీర్మానం. తన జాగిలం సంకటి తినడమేమిటి, ఇకమీదట తను తినేదే అదీ తినాలన్నాడు. ఆ రోజు నుంచి పిడుగుకు వెండి పళ్లెంలో నెయ్యి ఓడే అన్నం, మీగడ పాలు, పరమాన్నం, కొవ్వు పట్టిన మేకమాంసం. రాజుగారు అరిసె తింటే దానికీ అరిసె. పైగా బలం వృథా అవుతుందని దాన్ని నడవనివ్వడం మానేశారు. వేటసాలలోంచి సభకు డోలీలో మోసుకొచ్చేవారు. సభలో దానికి చోటు కావాలి గదా. పట్టుపరుపు తెచ్చి సింహాసనానికి కుడిపక్కన వేశారు. పేరన్న పీట స్తంభం పక్కకు జరిగింది.

మొదటి రోజు పేరన్న నవ్వి ఊరుకున్నాడు. నాలుగు రోజులు పోయేసరికి నవ్వు రాలేదు. అతను ఊపిరి బిగబట్టి ఒక మంచి కథ చెబుతుంటే రాజు కళ్లు జాగిలం మీద ఉండేవి. కథ ముగింపు దగ్గర అది ఆవలించేది. రాజు దాన్ని చూసి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. తన కథకు నవ్వాడేమోనని పేరన్న తలెత్తి చూస్తే, రాజు దాని చెవి నిమురుతూ ఉండేవాడు.

ఇంటికి పోయాక పేరన్న రాగిసంకటి ముద్ద చేతిలో పట్టుకుని, ఈపాటికి దానికి పరమాన్నం వడ్డించి ఉంటారు అనేవాడు. భార్య ఓబుళమ్మ మొదట్లో ఊకొట్టేది. పోను పోను విసుగొచ్చింది.

“కుక్కతో పోటీ ఏందయ్యా నీకు? అది నీ కూడు తిన్నదా, నీ పంచె కట్టుకున్నదా?” అంది ఒకరోజు.

“నా చోట కూర్చుంది” అన్నాడు పేరన్న. అని, ముద్ద పళ్లెంలో పెట్టేసి లేచిపోయాడు.

అసూయ అనేది పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది. నాలుక ఊరికే అక్కడికే పోతుంది. పేరన్న సభలో కూర్చుని ఇంకేమీ చూడలేకపోయేవాడు. పిడుగు ఎన్ని ముద్దలు తింటున్నదీ, రాజు చెయ్యి దాని తల మీద ఎంతసేపు ఉన్నదీ, అదే లెక్క. ఒకనాడు రాజు అతని మౌనం గమనించి, ఏం పేరన్నా, ఈమధ్య నీ నోట చమత్కారం రావడం లేదే అని అడిగాడు.

“ఏం చెప్పమంటారు ప్రభూ. నాకు తోక లేదు” అన్నాడు పేరన్న.

సభ గొల్లుమంది. రాజు నవ్వలేదు.

ఇలా కొంతకాలం గడిచింది. పిడుగు ఒళ్లు పెరిగింది. నడుము ఎక్కడో పొట్ట ఎక్కడో తెలియకుండా పోయింది. పక్కటెముకలు చేతితో తడిమినా తగిలేవి కావు. నేల మీద నడవక గోళ్లు వంకర తిరిగాయి. తర్వాత పడుకున్నది లేవడానికి మొరాయించసాగింది. లేచినా, ముందుకాళ్లు బిగుసుకుపోయినట్టు నాలుగడుగులు కర్రల్లా వేసి, ఆ తర్వాత గానీ సర్దుకునేది కాదు. పేరన్న అది చూసి లోలోపల సంతోషించాడు. బాగా అయింది, పరమాన్నం తిను అనుకున్నాడు.

ఆ సంతోషం ఎన్నాళ్లో నిలవలేదు. ఒక ఉదయం డోలీ బోయీలు రావడం ఆలస్యమై, పిడుగు తనంతట తనే సభామంటపం దాకా వచ్చింది. పేరన్న అప్పుడే అక్కడికి చేరాడు. మెట్ల కింద అది నిలబడి ఉంది. ముందుకాలు ఎత్తి మెట్టు మీద పెట్టింది, వెంటనే తీసేసింది. మళ్లీ పెట్టింది, మళ్లీ తీసింది. ఒకప్పుడు ముళ్లకంచెలు దూకిన జాగిలం. అది పేరన్న వైపు తలతిప్పి చూసింది. అరవలేదు, మూలగలేదు. ఊరికే చూసింది.

పేరన్న ఇటూ అటూ చూసి, ఎవరూ లేరని నిశ్చయించుకుని, దాని పొట్ట కింద చేతులు వేసి ఎత్తాడు. దూడంత బరువు. మెట్లెక్కేసరికి అతని నడుము విరిగినంత పనైంది. కింద దించగానే అది అతని చెయ్యి నాకింది. పేరన్న మనసులోంచి అసూయ పోలేదు. కానీ దాని పక్కన జాలి కూడా వచ్చి కూర్చుంది. ఆ రెండింటికీ సఖ్యత కుదరక పేరన్నకు ఆ పూట అన్నం సహించలేదు.

పిడుగు కుంటుతున్న సంగతి చివరకు రాజుకూ కనబడింది. ఆయన రాజవైద్యుడు శేషాచార్యులను పిలిపించాడు. ఆచార్యులు పెద్ద చదువరి, మంచి హస్తవాసి గలవాడు. ఆయన జాగిలం కీళ్లు పట్టి చూసి, తిండి కొంచెం తగ్గించి చూద్దామని నోరు తెరిచాడో లేదో, రాజు ముఖం ఎర్రబడింది. తను పుట్టిన నాటి నుంచి తింటున్న తిండి అది. దానితో జబ్బు చేస్తుందంటే తన వంటశాలలో విషం వండుతున్నారనా అని అడిగాడు. ఆచార్యులు నోరు మూసుకుని ఆముదం పట్టు వేసి వెళ్లిపోయాడు.

తిండి కాదు కాబట్టి దిష్టి అయి ఉండాలన్నాడు రాజు. తన జాగిలాన్ని చూసి ఎవరో కుళ్లుకుంటున్నారన్నాడు. అప్పుడు సభలో అందరికీ ఒకేసారి తోక మాట గుర్తుకొచ్చింది. ఒక్కొక్కరే పేరన్న వైపు తిరిగారు. అతను కూర్చునే చోటు మీద వాళ్లకూ ఏళ్ల తరబడి కన్ను ఉంది మరి. పేరన్న పిడుగు పళ్లెం వంక ఎలా చూసేవాడో దళవాయి కళ్లు పెద్దవి చేసి మరీ చూపించాడు.

రాజు అంతా విన్నాడు. ఆయన కంఠం పెద్దది కాలేదు. అదే భయం పుట్టించింది.

“పేరన్నా, నీ కళ్లే దాని కాళ్లు విరిచాయి. దసరా వేటకు పిడుగు గాలితో సమానంగా పరుగెత్తాలి. లేదా ఆ రోజే నువ్వూ నీ భార్యా పొలిమేర దాటాలి. మళ్లీ ఈ గడ్డ మీద కాలు పెట్టకూడదు.”

పేరన్న ఇంటికి పోలేదు. నేరుగా ఆచార్యుల ఇంటికి పోయి అరుగు మీద కూలబడ్డాడు. ఆచార్యులు బయట ఎవరూ లేకుండా చూసి, అతన్ని లోపలికి తీసుకుపోయి తలుపు వేశాడు. జాగిలానికి పట్టింది దిష్టి కాదనీ నెయ్యి అనీ అప్పుడు మనసు విప్పి చెప్పాడు. పరుగెత్తడానికి పుట్టిన ఒంటి మీద అంత బరువు మోపితే, ఎముకా ఎముకా కలిసే చోట ఒరుసుకుపోయి వాస్తుంది. వాచింది గదా అని కదలకుండా కూర్చోబెడితే కండ కరిగి, ఆ కాస్త ఆసరా కూడా పోతుంది. తిండి ఒక్కసారి మాన్పించకూడదు, మెల్లగా తగ్గించాలి. తీపి, కొవ్వు మానేసి సంకటి, ఉడికించిన పలచని మాంసం, ఏటి చేపలు, మునగాకు పెట్టాలి. రాతి మీద కాక ఇసుకలో నడిపించాలి. ఏటి నీళ్లలో దింపితే ఒళ్లు తేలిపోయి, నొప్పి లేకుండా కాళ్లు ఆడతాయి. పుట్టినప్పటి కీళ్లు మళ్లీ రావు గానీ, నొప్పి తగ్గి పరుగు వస్తుంది. ఇంతా చెప్పి, ఇదంతా రాజుగారికి చెప్పేవాడు మాత్రం ఇంకా పుట్టలేదు నాయనా అని నిట్టూర్చాడు.

పేరన్న మళ్లీ అరుగు మీదికి వచ్చి కూర్చుని ఆలోచించాడు. రాజుకు తన వంటశాల గొప్ప. దాన్ని తప్పు పట్టినవాడి మాట ఆయన వినడు. ఆయన వినే మాట లోకంలో ఒక్కటే ఉంది. తనను చూసి ఇతరులు కుళ్లుకుంటున్నారన్న మాట. పేరన్న లేచి పంచె దులుపుకున్నాడు.

మర్నాడు సభలో అతను రాజు ముందు సాష్టాంగపడి నేరం ఒప్పుకున్నాడు. సభ నివ్వెరపోయింది. దిష్టి తనదేనన్నాడు. నెయ్యి చూసి కుళ్లుకున్నాననీ, పరమాన్నం చూసి కుళ్లుకున్నాననీ, చివరకు డోలీ చూసి కూడా కుళ్లుకున్నాననీ ఏ దాపరికమూ లేకుండా చెప్పాడు. కుళ్లు గురించి చెప్పిన ఆ మాటల్లో అబద్ధం ఒక్కటీ లేదు కనుక అవి నేరుగా గుండెల్లోంచి వచ్చాయి. రాజు ముఖం విప్పారింది. తన కుక్క బతుకు చూసి మనిషి కుళ్లుకున్నాడంటే ఆయన వైభవానికి అంతకు మించిన బిరుదు ఏముంది?

విరుగుడు ఏమిటని రాజు అడిగాడు. పేరన్న చేతులు కట్టుకుని చెప్పాడు.

“ప్రభూ, ఉప్పూ మిరపకాయలూ తిప్పితే పోయే దిష్టి కాదిది. నా కన్ను ఏ పళ్లెం మీద పడిందో ఆ పళ్లెం నేను తినాలి. నా పళ్లెం జాగిలం తినాలి. నేను డోలీలో తిరగాలి, అది నా ఇంట ఉండి నేను నడిచే దారి నడవాలి. కుళ్లు తీరేదాకా తింటే దిష్టి దానంతటదే దిగుతుంది.”

సభ గుసగుసలాడింది. దొంగవెధవ, పరమాన్నం కోసం ఎంత ఎత్తు వేశాడు అన్నాడు దళవాయి పక్కవాడితో. అయితే రాజుకు ఆ విరుగుడు నచ్చింది. ఆ రోజే పట్టుపరుపు మీద పేరన్న కూర్చున్నాడు. పిడుగును ఓబుళమ్మ తాడు పట్టుకుని మెల్లగా ఏటి ఒడ్డు దారిన ఇంటికి నడిపించుకుపోయింది.

మొదట్లో పేరన్నకు పండుగే. నెయ్యిలో తేలే అన్నం తింటూ, దళవాయి ఓరచూపులు చూస్తూ ఉంటే స్వర్గంలో ఉన్నట్టుండేది. ఇన్నాళ్లూ తను అనుభవించిన కడుపుమంట ఇప్పుడు సభంతా అనుభవిస్తోంది గదా అని మురిసిపోయాడు. డోలీ బోయీలకు తప్ప ఎవరికీ కష్టం లేదు.

కానీ డోలీలో ఇంటికి చేరేసరికి అక్కడ వేరే లోకం కనబడేది. ఓబుళమ్మ పెరట్లో కూర్చుని పిడుగు కీళ్లకు గోరువెచ్చని ఆముదం రాస్తూ ఉండేది. దానితో కబుర్లు చెబుతూ ఉండేది. పొరుగింటి గొడవలూ, మిరప ధరలూ, తన చిన్ననాటి సంగతులూ. పేరన్నతో ఆమె అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు. పిడుగు ఆమె ముఖం వంకే చూస్తూ వినేది. మధ్యలో అడ్డుతగిలి చమత్కారాలు ఆడేది కాదు. చేపలు ఉడికితే ముళ్లు తీసి మొదట దానికే పెట్టేది.

“నాకెప్పుడైనా ముళ్లు తీసి పెట్టావా?” అని అడిగాడు పేరన్న ఒక సాయంత్రం.

ఓబుళమ్మ అతని వంక తేరిపార చూసి, “నువ్వెప్పుడైనా నేను చెప్పేది పూర్తిగా విన్నావా?” అంది.

రాజు పక్కన చోటు తిరిగి వచ్చింది గానీ భార్య పక్కన చోటు పోయింది. రెంటికీ కారణం ఒకే జాగిలం. తన నొసటన కుక్కను చూసి కుళ్లుకోమనే రాసి ఉందేమో అనుకున్నాడు.

కొన్నాళ్లకు అతనికి పరమాన్నం వెగటు పుట్టింది. నెయ్యి వాసన వస్తే కడుపులో తిప్పేది. సంకటి వాసన వస్తే నోరూరేది. సన్నటి మనిషికి బాన పొట్ట వచ్చింది. ఒకరోజు పరుపు మీద నుంచి లేవబోతే మోకాలు కలుక్కుమంది. మర్నాడు రెండోది కూడా తోడైంది. లేవగానే నాలుగడుగులు కర్రల్లా వేసి, ఆ తర్వాత గానీ సర్దుకోలేకపోయేవాడు. ఆ నడక తను ఎక్కడ చూశాడో అతనికి తెలుసు.

పిడుగు మాత్రం చిక్కుతూ వచ్చింది. ఇసుకలో నడక కాస్తా చిన్న పరుగైంది. ఏటిలో ఈత కొట్టి ఒడ్డుకొచ్చి ఒళ్లు దులిపితే ఓబుళమ్మ చీరంతా తడిసేది. తడిమితే మళ్లీ పక్కటెముకలు తగిలాయి. ఒక పొద్దున అది పెరటి గోడ దూకింది. డోలీలోంచి అది చూసిన పేరన్నకు కళ్లనీళ్లు తిరిగాయి. అవి సంతోషం వల్లనో, మోకాళ్ల వల్లనో అతనికే తెలియలేదు.

దసరా వెళ్లింది. వేటకు కోనాపురం రాణి తన జాగిలాలతో వచ్చింది. అడవి అంచున తాళ్లు విప్పగానే గాలీ పిడుగూ భుజం భుజం కలిపి దూసుకుపోయాయి. పొదల దాకా ఏది ముందో ఎవరూ చెప్పలేకపోయారు. రాజు ఉత్సాహం పట్టలేక గుర్రం దిగి, బల్లెం పట్టుకుని తనూ పొదల వైపు నడిచాడు. పుట్టిన నాటి నుంచి వెండి పళ్లెం తింటున్న ఒళ్లు ఆయనది. పసుపు పట్టీ లేనిదే మోకాలు వంగని మనిషి. అది తప్ప అన్నీ గుర్తున్నాయి ఆయనకు.

ఒంటరి పంది ఒకటి పక్కపొదలోంచి బయటికి వచ్చింది. రాజు ఒక మోకాలు నేలకు ఆన్చి బల్లెం నిలిపాడు. పంది పక్కకు తప్పుకుని మళ్లీ తిరిగింది. రాజు లేవబోయాడు. మోకాలు లేవనివ్వలేదు. డోలీలో ఉన్న పేరన్న అరిచాడు గానీ, దిగి పరుగెత్తడానికి అతనికీ కాళ్లు లేవు. ఆ క్షణంలో ఎర్రగండి రాజూ, ఆయన హాస్యగాడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్లలోనూ ఒకే భయం.

అంతలో పిడుగు వచ్చింది. గాలితో పోటీ వదిలేసి, పేరన్న కేక విని వెనక్కి తిరిగింది. పందికీ రాజుకూ మధ్య దూరి మొరుగుతూ చుట్టూ తిరిగింది. పంది అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు. బల్లేలవాళ్లు వచ్చేదాకా దాన్ని అంగుళం కదలనివ్వలేదు.

ఆ మధ్యాహ్నం గుడారాల్లో విందు. రాజు పిడుగును పక్కన కూర్చోబెట్టుకుని ప్రాణదాత అని పొగిడాడు. పేరన్న దిష్టి దిగిపోయిందనీ, శిక్ష రద్దనీ ప్రకటించాడు. విరుగుడు పద్ధతి ప్రకారం పేరన్న ముందు వెండి పళ్లెంలో నెయ్యన్నం, పరమాన్నం పెట్టారు. పిడుగు ముందు మట్టి మూకుడులో సంకటి, ఉడికించిన చేపలు పెట్టారు.

అప్పుడు నాగసానమ్మ రాణి పిడుగును మెచ్చుకుని, నిరుడు చూసిన జాగిలమేనా ఇది అని ఆశ్చర్యపోయి, దీనికి మీరు ఏం పెడుతున్నారో చెబితే తన జాగిలాలకూ అదే పెట్టిస్తానంది. రాజు ఏడాదిగా ఎదురుచూసిన మాట అది. రాణి తనను చూసి కుళ్లుకుంటోంది. ఆయన మీసం మీద చెయ్యి వేసి పేరన్న వైపు వంగాడు. ఏది చెప్పమంటావు అని గొంతు తగ్గించి అడిగాడు.

పేరన్న అంతే మెల్లగా అన్నాడు. “రెండు పళ్లేలూ ఏలినవారి ఎదుటే ఉన్నాయి. మీరు ఏది చెబితే వచ్చే ఏడు గాలి అదే తిని వస్తుంది.”

రాజు ఆలోచించాడు. మట్టి మూకుడు చూశాడు. గాలి ఆ సంకటీ చేపలూ తిని ఇంకా చురుగ్గా పరుగెత్తడం ఆయన కళ్లకు కట్టింది. వెండి పళ్లెం చూశాడు. కుంటుతూ నడిచిన పిడుగు గుర్తొచ్చింది. ఆయన గొంతు సవరించుకుని, నెయ్యన్నం, పరమాన్నం, మీగడ పాలు అని రాణికి చెప్పాడు. అరిసెలు కూడా పెట్టమన్నాడు. నడవనివ్వకుండా డోలీలో తిప్పితే ఇంకా మంచిదన్నాడు.

పేరన్న గుడారపు గుంజ పట్టుకుని కష్టం మీద లేచాడు.

“ప్రభూ, ఒక్క మనవి. ఇప్పుడు రాణిగారికి చెప్పినది ఆమె జాగిలం గెలవాలనా, ఓడాలనా?”

రాజు మీసం మీది చెయ్యి దించాడు. గెలవాలనంటే అబద్ధం. ఓడాలనంటే తన వంటశాల మీద తనే తీర్పు చెప్పినట్టు. అక్కడే కూర్చున్న శేషాచార్యులు తల వంచుకుని తన గోళ్లు చూసుకున్నాడు.

పేరన్న రెండడుగులు కుంటుతూ ముందుకు వచ్చాడు. “నా మోకాళ్లు చూడండి ప్రభూ. వీటి మీద ఎవరి దిష్టీ లేదు. ఈ పొట్ట చూసి ఈ మధ్య దళవాయిగారు కూడా కుళ్లుకోవడం మానేశారు.”

“అయితే నీ దిష్టి అబద్ధమా?” అన్నాడు రాజు. ఆయన గొంతులో కోపం వచ్చిందో లేదో ఎవరికీ తెలియలేదు.

“నా కుళ్లు నిజం ప్రభూ. ఇప్పటికీ ఉంది. కానీ దానివల్ల పాడయ్యేది నా నిద్రే, దాని కాళ్లు కాదు.”

మొదట నవ్వింది నాగసానమ్మ రాణి. తన జాగిలాలు పుట్టిన నాటి నుంచి రాగిసంకటే తింటున్నాయనీ, అరిసెల మాట వినగానే తనకు సంగతి అర్థమైందనీ అంది. ఇంత ప్రేమగా తన కుక్కలను కుంటివి చేయాలని చూసిన పొరుగు రాజు ఇంకెవరికీ దొరకడు అంది. రాజు ఆమె వంక చూశాడు, పేరన్న వంక చూశాడు, తర్వాత తన మోకాళ్లకు కట్టిన పసుపు పట్టీల వంక చూసుకున్నాడు. ఆ తర్వాత ఆయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, లేవబోయి లేవలేక, ఆ లేవలేకపోవడానికి మళ్లీ నవ్వాడు.

ఆ పూటే రాజు తన చేతి బంగారు కంకణం తీసి పేరన్న చేతికి తొడిగాడు. శేషాచార్యులకు శాలువా కప్పి, తనకు భయపడకుండా చెప్పాల్సింది ఇకమీదట చెప్పమన్నాడు. ఇంకేం కావాలో కోరుకో అని పేరన్నను అడిగాడు. సింహాసనం పక్కన చోటే అడుగుతాడని అందరూ అనుకున్నారు. పేరన్న ఓబుళమ్మ వండిన సంకటి తినడానికి అనుమతి ఇప్పించమన్నాడు. ఇంటికి నడిచిపోతానన్నాడు. ఈసారి ఆమె చెప్పేదంతా మధ్యలో మాట్లాడకుండా వినాలని ఉందన్నాడు.

మర్నాడు పొద్దున ఏటి ఇసుకలో ముగ్గురు కనబడ్డారు. ముందు పిడుగు, దాని వెనక మూలుగుతూ ఇమ్మడి సింగమ నాయకుడు, ఆయన వెనక కర్ర పట్టుకుని పేరన్న. రాజుతో ఒంటరిగా నడిచే భాగ్యం హాస్యగాడికి దక్కడం చూసి దళవాయికి కంటి మీద కునుకు లేకుండా పోయింది. మూడో రోజు అతనూ వచ్చాడు. అతన్ని చూసి మంత్రి, మంత్రిని చూసి పురోహితుడు. వర్షాలు వచ్చేనాటికి కొలువులో సగం మంది పొద్దున్నే ఏటి ఇసుకలో ఉండేవారు. వాళ్లలో ఎవరి అసూయ ఎంత తగ్గిందో చెప్పలేము గానీ, ఎర్రగండిలో మోకాళ్ల నొప్పులు మాత్రం బాగా తగ్గాయని ఆ ప్రాంతంవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.